పచ్చి హాప్స్ ఏల్

అక్టోబరు మొదటి ఆదివారం, యాకిమా. ఎండ కాస్తున్నా గాలి చల్లగా ఉంది.

హాప్ తోటలు బోడిగా ఉన్నాయి. హాప్స్ అంటే బీరుకు చేదూ వాసనా ఇచ్చే పువ్వులు, ఏల్ అంటే ఒక రకం బీరు. ఆగస్టు చివర్లో మొదలైన కోత ముగిసింది. ఇక మిగిలినవి 18 అడుగుల స్తంభాలు, వాటి మీద లాగిన ఇనుప తీగలు. అమెరికాలో పండే హాప్స్‌లో దాదాపు ముప్పాతిక వంతు ఈ వాషింగ్టన్ రాష్ట్రానిదే, అందులోనూ అత్యధికం ఈ లోయదే. గట్టు పక్కన కోతకు తప్పిపోయిన పాదుకు నాలుగైదు పువ్వులు వేలాడుతున్నాయి. ఒకటి తెంపి నిలువునా చీలిస్తే రేకుల మొదట్లో పసుపు అద్దినట్టు సన్నటి పొడి కనిపించింది. అదే లూపులిన్. చేదూ వాసనా అందులోనే ఉంటాయి. నలిపితే వేళ్లకు జిగురు అంటింది. ముందు నారింజ తొక్క వాసన, వెనకే మామిడికాయ తొడిమ విరిచినప్పుడు కారే జీడి వాసన. అది భ్రమ కాదు, మిర్సీన్ అనే నూనె రెండింట్లోనూ ఉంది.

ఆ నూనె త్వరగా ఎగిరిపోతుంది. తెంపిన పువ్వులో నీరే 75 నుంచి 80 శాతం. బట్టీలో 60 డిగ్రీల దగ్గర ఆరబెట్టి దాన్ని పది శాతానికి దించితే హాప్స్ ఏడాది నిలవుంటాయి. కానీ పచ్చి కరివేపాకుకూ ఎండిన కరివేపాకుకూ ఎంత తేడానో ఇక్కడా అంతే. ఆరబెట్టకుండా వాడాలంటే కోసిన 24 గంటల్లోపే బీరు కాచే పాత్ర కెటిల్‌లో పడాలి. కుప్పగా వదిలేస్తే తడి గడ్డివాములా లోపల వేడెక్కి కుళ్లు వాసన పట్టేస్తుంది. 1996లో సియెర్రా నెవాడా బ్రూవరీ వాళ్లు ఇక్కడి పచ్చి హాప్స్‌ను కాలిఫోర్నియాలోని చీకో దాకా లారీలో తెప్పించుకుని హార్వెస్ట్ ఏల్ కాచారు. ఈ ఊళ్లో ఆ దూరం లేదు, తోట నుంచి కెటిల్‌కు అరగంట.

మధ్యాహ్నం ఇక్కడి బ్రూవరీలో సిమ్‌కో రకం పచ్చి హాప్స్‌తో కాచిన పేల్ ఏల్ పోశారు. గ్లాసు నీడలో పెట్టాను. ఎండ తగిలితే కొద్ది నిమిషాల్లోనే ముక్కు మూసుకోవాల్సిన వాసన వస్తుంది. మంచు చల్లదనంలో తాగితే చేదు తప్ప ఏమీ తెలియదు. పది నిమిషాలు ఆగి, 8 డిగ్రీల దగ్గర మొదటి గుక్క. బత్తాయి తొన, దేవదారు చెక్క, పలచటి తేనె రుచి. చేదు నాలుక మీద నిలవకుండా జారిపోయింది. కాచి మూడు వారాలైన ఏల్ ఇలా ఉండాలి.

ఇంకోచోట పోసిన రెండో గ్లాసు అలా లేదు. కోసిన గడ్డి వాసన, ఉడికిన ఆకుకూర రుచి, చివర్లో వగరు. దీన్నే 'తాజాదనం' అని చాలామంది మెచ్చుకుంటారు. నేను ఒప్పుకోను. అది ఆకు రుచి, హాప్ రుచి కాదు. పువ్వులు ఆలస్యంగా చేరినా, ఏల్‌లో మరీ ఎక్కువసేపు నానినా వచ్చే లోపమే అది.

ఇంట్లో కాచేవాళ్లకు లెక్క చెప్పాలంటే, పచ్చివి ఎండువాటికి ఐదింతలు కావాలి. 20 లీటర్లకు 200 గ్రాముల ఎండు హాప్స్ పడతాయనుకుంటే పచ్చివి కిలో. ఆ కిలోలో 800 గ్రాములు నీరే కాబట్టి ఏల్ ఆ మేరకు పలచబడుతుంది. గ్రావిటీ, అంటే కరిగిన చక్కెరను బట్టి ఉండే సాంద్రత, 1.055 కావాలంటే వోర్ట్‌ను, అంటే ఇంకా పులియని మాల్ట్ రసాన్ని, 1.057 దగ్గర ఉంచుకోవాలి. చేదు కోసం మాత్రం పచ్చివాటిని నమ్మకూడదు. ఆ పంటలో చేదునిచ్చే ఆల్ఫా ఆమ్లం ఎంతో ఇంకా ఎవరూ కొలిచి ఉండరు, అందుకే మొదటి మరుగుకు లెక్క తెలిసిన పెల్లెట్లు, అంటే ఎండు హాప్స్ గుళికలు, వేయాలి. పచ్చివి మంట ఆర్పేశాక, 80 డిగ్రీలకు దిగాక, వలసంచిలో కట్టి 20 నిమిషాలు ఉంచి తీసేయాలి. పులియబెట్టే పాత్ర ఫెర్మెంటర్‌లోనూ వేస్తే రెండు రోజులు మించకూడదు. హాప్స్‌లోని ఎంజైములు మిగిలిన పిండి పదార్థాన్ని చక్కెరగా విడగొడతాయి, ఈస్ట్ మళ్లీ పని మొదలుపెడుతుంది. అది ఆగకుండా సీసాల్లో నింపితే గ్యాస్ పెరిగి సీసాలు పగులుతాయి. గ్రావిటీ మూడు రోజులు కదలకుండా ఉందని చూసుకున్నాకే నింపాలి.

వచ్చేటప్పుడు నాలుగు క్యాన్లు తీసుకున్నాను. కొనే ముందు అడుగున ముద్రించిన తేదీ చూశాను, సెప్టెంబరు 29. తాటికల్లుకు పూట ఎంత ముఖ్యమో ఈ ఏల్‌కు వారం అంత ముఖ్యం. నెల దాటితే పండు వాసన పోయి తడి అట్టముక్క రుచి మొదలవుతుంది. ఫ్రిజ్ తలుపులో పెడితే తెరిచినప్పుడల్లా వేడి తగులుతుంది, అందుకని నాలుగింటినీ లోపలి అరలో, వెనక గోడ వైపు నిలబెట్టాను. రెండు ఈ శనివారానికి, మిగతా రెండు పై శనివారానికి.