కుంగిన పికప్‌కు వెనక కాయిల్ స్ప్రింగులు: నా అనుభవం

కక్కలపల్లి టమాట మార్కెట్‌కు తెల్లవారక ముందే లోడు తోలుకుపోతుంటే ఎదురొచ్చే లారీలన్నీ నాకు డిప్పర్ కొట్టేవి. నేను వేసింది లో బీమే. వెనక కుంగి బండి ముక్కు పైకి లేచేసరికి లైటు రోడ్డు మీద పడకుండా ఎదుటివాళ్ళ కళ్ళలో పడుతోంది. స్టీరింగ్ కూడా మరీ తేలిగ్గా అయిపోయింది, ముందు చక్రాల మీద బరువే లేనట్టు. ఇక మా పొలం దారిలో వంక దిగి ఎక్కేటప్పుడల్లా వెనక నుంచి ‘ఠంగు’మని ఒక దెబ్బ. అది ఛాసిస్ కింద ఉండే బంపు రబ్బరు హౌసింగ్‌కు, అంటే వెనక ఇరుసు గొట్టానికి, తగిలే దెబ్బ. గుంత గుంతకూ అలా తగులుతూ ఉంటే ఆ బరువంతా స్ప్రింగు మీద కాక నేరుగా ఛాసిస్ మీద పడుతోందని అర్థం.

మాది నార్పల వైపు. చీనీ (బత్తాయి) తోట ఉంది, బోరులో నీళ్ళను బట్టి టమాట వేస్తాం. టమాటలు కక్కలపల్లికి, చీనీకాయలు అనంతపురం మార్కెట్ యార్డుకు, రెండింటికీ ఈ పికప్పే. మిగతా రోజుల్లో అదే బండిలో డ్రిప్పు పైపులు, పశువుల మేత, ఒక్కోసారి పెళ్ళికి పోయే చుట్టాలు. అంటే సగం రోజులు ఖాళీగానో, దాదాపు ఖాళీగానో తిరుగుతుంది. ఈ సంగతి ఎందుకు చెబుతున్నానంటే, తర్వాత నేను చేసిన పనంతా దీన్ని బట్టే.

అనంతపురంలో కమాను పట్టీల (బండి బరువు మోసే, ఒకదాని మీద ఒకటి కట్టగా పేర్చిన ఉక్కు పట్టీల) పని చేసే భాయ్ ఒకాయన ఉన్నాడు. మా నాయన ట్రాక్టరు ట్రైలర్ నాటి నుంచి మాకు ఆయనే. బండి కింద తల పెట్టి చూసి ఒక్క మాటలో తేల్చేశాడు.

“ఏం లేదన్నా, ఒక పట్టీ ఎక్కిస్తే అయిపాయె. సాయంత్రానికి తోలుకొని పోవచ్చు.”

“ఖాళీగా తిరిగేటప్పుడు నడుములు పోతాయి కదా భాయ్?”

“అది పోతాది,” అన్నాడు నవ్వుతూ.

పట్టీ ఎక్కించడం తప్పు పని కాదు. కానీ కొత్త పట్టీ ఖాళీ బండిలోనూ పని చేస్తూనే ఉంటుంది. లోడు లేని రోజు గులకరాయి ఎక్కినా తెలుస్తుంది. మా మేనల్లుడేమో గాలి బెలూన్లు పెట్టమన్నాడు. గాలి ఎక్కిస్తే లేస్తుంది, తీస్తే దిగుతుంది, మంచి వస్తువే. అయితే మా దారుల్లో తుమ్మ కంప ఎంత ఉంటుందో వాడికి తెలియదు. ఒక వైపు బెలూను లోడు మీద పోయిందంటే బండి ఆ పక్కకు ఒరుగుతుంది. నాకు కావలసింది బరువు పడినప్పుడు మాత్రమే చేయి అందించేది. కమాను కట్టకు పైన, ఛాసిస్‌కు కింద కాయిల్ స్ప్రింగు నిలబెట్టి, ఖాళీ బండిలో అది పైన తగలకుండా కొంచెం సందు వదిలితే ఆ పని జరుగుతుంది. కట్ట కొంత కుంగాకే కాయిల్‌కు పని మొదలవుతుంది.

భాయ్‌కు ఇది అంతగా నచ్చలేదు. కానీ, “నీ బండి, నీ ఇష్టం. ముందు కట్ట బాగుందో లేదో చూద్దాం,” అన్నాడు. ఆ మాట చాలా విలువైనది. పైపుతో మట్టి కడిగి, వైరు బ్రష్‌తో రుద్ది చూస్తే ఎడమ కట్టలో మూడో పట్టీ, పట్టీలన్నిటినీ నడుమ కలిపి పట్టే సెంటర్ బోల్టు దగ్గర విరిగి ఉంది. కట్టను ఇరుసుకు బిగించే యూ బోల్టుల కింద దాక్కుని ఉండడంతో పైకి కనపడలేదు. విరిగిన పట్టీ అలాగే ఉంచి కాయిల్ వేస్తే ఎత్తు వస్తుంది, జబ్బు లోపలే ఉంటుంది, మిగిలిన పట్టీలు ఒక్కొక్కటే పోతాయి. పట్టీ మార్పించి, కట్ట కొసను పట్టి ఉంచే షాకిల్ బుష్‌లు కూడా కొత్తవి వేయించాను. బండి రెండు పక్కలా సమంగా నిలబడింది. కానీ లోడు వేస్తే కుంగడం పెద్దగా తగ్గలేదు. మిగతా పట్టీలు వయసుకు మెత్తబడ్డాయి.

ఇక కొలతలు. ముందు ఖాళీ బండిని, తర్వాత లోడు బండిని కాటా ఎక్కించాను. మొత్తం బరువు ఒక్కటే కాదు, వెనక చక్రాలు మాత్రమే కాటా మీద ఉండేలా నిలిపి ఇంకో చీటీ కూడా తీసుకోవాలి. కాటా దగ్గరున్న అబ్బాయి వింతగా చూస్తాడు, చూడనీయండి. మా మామూలు లోడు 80 బాక్సులు, బాక్సుకు 15 కిలోల చొప్పున టమాటలే 1,200 కిలోలు, బాక్సుల బరువు వేరే. దాంతో వెనక ఇరుసు మీద పెరిగింది సుమారు 1,100 కిలోలు, అంటే ఒక్కో పక్క 550. మొత్తం బరువు ఆర్సీలో రాసినదానికంటే తక్కువే ఉంది. అది ఎక్కువ వచ్చి ఉంటే ఈ పని అక్కడే ఆపేసేవాణ్ణి.

టేపుతో చూస్తే ఖాళీ బండికి బంపు రబ్బరుకూ కింద అది తగిలే చోటికీ మధ్య 105 మిల్లీమీటర్లు. లోడుతో 13. అంటే 92 మిల్లీమీటర్లు కుంగుతోంది. 550ని 92తో భాగిస్తే ఒక్కో కట్ట గట్టిదనం మిల్లీమీటరుకు సుమారు 6 కిలోలు. దాని పక్కన మిల్లీమీటరుకు 4 కిలోల కాయిల్, 20 మిల్లీమీటర్ల సందుతో పెడితే ఏమవుతుంది? మొదటి 20 మిల్లీమీటర్లూ కట్ట ఒక్కటే మోస్తుంది, ఆ తర్వాత రెండూ కలిసి మిల్లీమీటరుకు 10 కిలోలు మోస్తాయి. లెక్క వేస్తే కుంగడం 92 నుంచి 63కు వస్తుంది. తగ్గేది 29 మిల్లీమీటర్లు, అంగుళం మీద కొంచెం. ‘ఇంతేనా?’ అనిపిస్తుంది. కానీ రబ్బరు దగ్గర మిగిలే సందు 13 నుంచి 42 అవుతుంది, వంకలో తగిలే దెబ్బకు అది చాలు. వెనక భాగం ఖాళీ బండంత ఎత్తులో నిలబడాలని ఆశపడితేనే చిక్కు. అంత గట్టి స్ప్రింగు కట్టను పని చేయనివ్వదు.

కాయిల్స్ కోసం బెంగళూరు జేసీ రోడ్డుకు పోయాను. అక్కడి షాపాయనకు నా కాగితం చూపించి 10 మిల్లీమీటర్ల తీగ, తీగ మధ్య నుంచి మధ్యకు 80 మిల్లీమీటర్ల వెడల్పు, మొత్తం ఏడు చుట్లు, విడిగా 180 ఎత్తు అని అడిగాను. ఆయన కాగితం పక్కన పెట్టి, “12 ఎం.ఎం. ఏసుకో సార్, బండి ఏనుగు మాదిరి నిలబడతాది,” అన్నాడు. తీగ మందం విషయంలో చాలామంది పడిపోయేది ఇక్కడే. కాయిల్ గట్టిదనం తీగ మందానికి నాలుగో ఘాతంలో పెరుగుతుంది. మిగతా కొలతలన్నీ అవే ఉంచి 10కి బదులు 12 వేస్తే రెండింతలకు పైగా గట్టిదవుతుంది. ఇక నా లెక్కకూ దానికీ పొంతన ఉండదు. చుట్ల సంఖ్య కూడా ఊరికే పెట్టింది కాదు. ఏడు చుట్లు ఒకదాని మీద ఒకటి పూర్తిగా కూర్చుంటే 70 మిల్లీమీటర్లు. నా బండిలో బంపు రబ్బరు తగిలే సమయానికి కాయిల్‌కు ఉండే చోటు 95. అంటే రబ్బరు తగిలేదాకా చుట్లు పూర్తిగా అతుక్కోవు. ఇది తిరగబడితే కాయిల్ ఇనుప దిమ్మ అయిపోయి దెబ్బంతా ఛాసిస్‌కు పంపుతుంది.

ఇంటికి తెచ్చాక షాపాయన మాట నమ్మకుండా ఒక పరీక్ష చేశాను. రెండు కాయిల్స్ పక్కపక్కన నిలబెట్టి, పైన మందపాటి పలక వేసి, నాలుగు డీఏపీ మూటలు పేర్చాం. మూట 50 కిలోలు, మొత్తం 200. ఒక్కో కాయిల్ మీద 100 పడితే 25 మిల్లీమీటర్లు దిగాలి. కాస్త అటూ ఇటూగా అంతే దిగింది. పలక ఒరగకుండా ఇద్దరు చెరో పక్క పట్టుకోవాలి, కాళ్ళు దూరంగా పెట్టుకోవాలి.

బిగింపు పని మాత్రం భాయ్ షెడ్డులోనే. కింద ఒక గిన్నె, పైన ఒక గిన్నె లేత్ షాపులో చేయించాం. కింది గిన్నె 8 మిల్లీమీటర్ల ప్లేటు మీద ఉంటుంది, ఆ ప్లేటు కట్ట మీద కూర్చుని యూ బోల్టుల కింద బిగుసుకుంటుంది. పై గిన్నెను బంపు రబ్బరు బోల్టులతోనే ఛాసిస్‌కు బిగించాం. రబ్బరు కాయిల్ నడుమ ఉండిపోతుంది. దాన్ని తీసేయకూడదు. అది నొక్కుకున్నప్పుడు పక్కలకు ఉబ్బుతుంది కాబట్టి కాయిల్ లోపల దానికి చోటు ఉందో లేదో కూడా చూసుకోవాలి.

లేత్ షాపు కుర్రోడు, “గిన్నెను పైపట్టీకే ఒక టాకా వేసేస్తే అయిపోతుంది కదా,” అన్నాడు. భాయ్ వాణ్ణి తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను. కమాను పట్టీ కాల్చి చల్లార్చి పదును పెట్టిన ఉక్కు. వెల్డింగ్ వేడి తగిలిన చోట ఆ పదును పోతుంది, తర్వాత విరిగేది అక్కడే. హౌసింగ్ మీద, ఛాసిస్ మీద కూడా వెల్డింగ్ వద్దనే అనుకున్నాం. అంతా బోల్టులే, ఎప్పుడైనా విప్పి బండిని పాత రూపానికి తేవచ్చు.

ముందు చక్రాలకు కొయ్య ముక్కలు అడ్డం పెట్టి, వెనక ఛాసిస్‌ను స్టాండ్ల మీద నిలిపాం. జాకీ ఒక్కదాన్నే నమ్మి కిందికి దూరొద్దు. ఇంకో జాకీ హౌసింగ్ కింద పెట్టుకుంటే దాన్ని మెల్లగా దింపుకోవచ్చు. షాక్ అబ్జార్బర్ల కింది బోల్టులు విప్పాం, బ్రేకు గొట్టం లాక్కుపోకుండా ఒకరు చూస్తూ ఉన్నారు. యూ బోల్టులు మాత్రం ఒక పక్క పూర్తయ్యాకే రెండో పక్క విప్పాలి, లేకుంటే హౌసింగ్ జరుగుతుంది, సెంటర్ బోల్టు తల దాని గుంతలో నుంచి బయటికొస్తుంది. పాతవి తుప్పు పట్టి పానాకు కదలకపోతే గ్రైండర్‌తో కోసేశాం. ఎలాగూ అవి మళ్ళీ వాడేవి కావు, ప్లేటు మందానికి తగ్గట్టు పొడుగువి కొత్తవి తెచ్చుకున్నాం. నట్లు ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగించుకుంటూ వచ్చి, చివరి బిగింపు బండి చక్రాల మీద నిలబడ్డాక చేశాం.

పై గిన్నెలో కన్వేయర్ బెల్టు ముక్క అంటించాం, కాయిల్ తగిలినప్పుడు ఇనుము ఇనుముకు కొట్టుకోకుండా. కాయిల్ కింది చుట్టును క్లిప్పులతో గిన్నెకు పట్టించాం. పైన సందు ఉంటుంది కాబట్టి చక్రం గుంతలో దిగినప్పుడు కాయిల్ ఊడిపడకుండా ఉండాలంటే ఈ క్లిప్పులే ఆధారం.

మొదటి లోడుతో కొలిస్తే కుంగడం 65. లెక్క 63 అంది కదా, భాయ్ టేపు రెండుసార్లు చూసి, “సదువుకున్నోడివి అనిపించినావు,” అన్నాడు. వంకలో దెబ్బ పోయింది. స్టీరింగ్‌కు బరువు వచ్చింది. అయితే ఎత్తు దిగాక బండి కొంచెం ఎక్కువగా ఊగుతోంది. పట్టీలు ఒకదాన్నొకటి రాసుకుంటూ ఊపును కొంత మింగేస్తాయి, కాయిల్‌కు ఆ గుణం లేదు. ఆ భారం పాత షాక్ అబ్జార్బర్ల మీద పడింది. అవి మార్చాక కుదురుకుంది. హెడ్‌లైట్లు లోడుతో గోడకు ఎదురుగా నిలిపి కిందికి దించుకున్నాం.

అందరూ మరిచిపోయేది బ్రేకు సంగతి. నా బండిలో వెనక బ్రేకులకు ఎంత ఆయిల్ ఒత్తిడి పంపాలో నిర్ణయించే వాల్వు ఒకటి ఉంది. ఛాసిస్‌కూ హౌసింగ్‌కూ మధ్య ఒక కడ్డీతో అది బండి ఎంత కుంగిందో చూసుకుంటుంది. బాగా కుంగితే లోడు ఉందని వెనక బ్రేకులకు ఎక్కువ ఒత్తిడి వదులుతుంది. ఇప్పుడు అదే లోడుకు బండి తక్కువ కుంగుతోంది కాబట్టి వాల్వు లోడు తక్కువ ఉందనుకుంటుంది, వెనక బ్రేకు మెత్తబడుతుంది, ఆపే పనంతా ముందు చక్రాల మీద పడుతుంది. కాయిల్స్ వేసిన వారంలోనే సర్వీసు సెంటర్‌లో మీటరు పెట్టించి ఆ కడ్డీ సరిచేయించాను. కాయిల్స్ పని కంటే దీనికే ముందు టైము తీసుకోండి. యూ బోల్టులు కూడా రెండు మూడు లోడ్ల తర్వాత మళ్ళీ బిగించాలి. నావి అందాజాగా పావు చుట్టు తీసుకున్నాయి.

కాయిల్స్, గిన్నెలు, యూ బోల్టులు, కూలి కలిపి అయింది పట్టీ ఎక్కించడం కంటే బాగా ఎక్కువే. రోజూ నిండు లోడుతో తిరిగే బండికైతే భాయ్ చెప్పిన పట్టీనే మంచిదని నేనూ అంటాను. అందులో ఊడేదీ జరిగేదీ లేదు.

ఇది చూసి మా ఊరి మామ ఒకాయన, తాడిపత్రి నుంచి బండలు తోలేవాడు, తన బండికీ వేయించమని వెంటబడ్డాడు. కాయిల్ వేసినంత మాత్రాన ఆర్సీలో బరువు పెరగదు, టైర్లకూ బేరింగులకూ బ్రేకులకూ మోసే శక్తి పెరగదు. బ్రేక్ ఇన్‌స్పెక్టర్ ఆపితే ఎక్కువ లోడుకు చట్టంలో జరిమానా 20,000 రూపాయలు, అది చాలక ఎక్కువైన ప్రతి టన్నుకూ ఇంకో 2,000. ఇదంతా విడమరిచి చెప్పినా ఆయన వినలేదు. సరే మామా, ముందు లోడుతో ఒకసారి కాటా ఎక్కించి చీటీ తీసుకురా, అప్పుడు చూద్దాం అన్నాను. ఇంకా తేలేదు.