ఆరు తీగల దూరం

పన్నెండు దాటింది. నిద్ర రావట్లేదు. కారణం ఒకే ఒక్క మాట: తీగ.

సాయంత్రం ప్రూఫులొచ్చాయి. అదే, 1893లో మునిగిపోయిన బ్రిటిష్ యుద్ధనౌక విక్టోరియా మీద నేను రాసిన వ్యాసం. ఉగాది నుంచీ దాంతోనే కాపురం చేస్తున్నాను. ఓడల బారుల గురించి నేను "రెండు వరుసల మధ్య ఎడం ఆరు కేబుళ్లు" అని రాస్తే, దిద్దినాయన శుభ్రంగా "ఆరు తీగలు" చేసిపెట్టాడు. ఒక్క చోట కాదు, కనిపించిన ప్రతి చోటా. ఒక దగ్గర "విద్యుత్ తీగలు" కూడానూ. 1893లో నడిసముద్రంలో కరెంటు తీగలేమిటి నాయనా! గట్టిగానే అన్నట్టున్నాను, వంటింట్లోంచి "మళ్లీ ఓడేనా?" అని వినిపించింది. అవును, మళ్లీ ఓడే.

కేబుల్ అంటే కొలత. నాటికల్ మైలులో పదో వంతు, నౌకాదళం వాడుకలో 200 గజాలు. అది పోతే ఇక వ్యాసంలో మిగిలేదేమీ లేదు. 358 మంది ప్రాణాలు పోయింది ఆ కొలత దగ్గరే.

1893 జూన్ 22, గురువారం. బ్రిటిష్ మధ్యధరా నౌకాదళం బేరూత్ నుంచి ట్రిపోలీ వెళ్తోంది. లిబియా ట్రిపోలీ కాదు, ఇప్పటి లెబనాన్‌లోది. (ఇదీ ఓసారి దిద్దించాను.) రెండు వరుసలు. ఒకదాని ముందు దళం మొత్తానికీ అధిపతి, వైస్ అడ్మిరల్ ట్రయాన్ ఉన్న విక్టోరియా, రెండోదాని ముందు రియర్ అడ్మిరల్ మార్కమ్ ఉన్న క్యాంపర్‌డౌన్. మధ్యలో 1200 గజాలు. రెండు వరుసలూ లోపలివైపుకే, ఒకదానికొకటి ఎదురుగా, పదహారు పాయింట్లు తిరగాలని సిగ్నల్. దిక్సూచికి 32 పాయింట్లు, కాబట్టి పదహారంటే పూర్తిగా వెనక్కి.

ఆ ఓడలు మామూలు చుక్కానితో అలా వెనక్కి తిరిగేసరికి పక్కకి సుమారు 800 గజాలు జరుగుతాయి. ఎదురెదురుగా తిరిగితే రాసుకోకుండా ఉండటానికే 1600 కావాలి. తిరిగాక మధ్యలో 400 గజాలు మిగలాలంటే 2000, అంటే పది కేబుళ్లు. విక్టోరియాకి దారి చూసే అధికారి, స్టాఫ్ కమాండర్ హాకిన్స్-స్మిత్ కనీసం ఎనిమిదైనా ఉండాలన్నాడు. ట్రయాన్ సరేనన్నాడు. తీరా జెండాలు ఎగిరింది ఆరనే. మళ్లీ అడిగిస్తే ఆరే ఉంచమన్నాడు.

ఎందుకన్నాడో చెప్పడానికి ఆయన బతకలేదు. ఓడ తిరిగే వృత్తానికి 400 గజాల వ్యాసార్థాన్నే వ్యాసం అనుకున్నాడని ఒక వాదం. 400కి 400 కలిపి, మిగలాల్సిన 400 కూడా వేస్తే సరిగ్గా 1200. లెక్క ఇంత చక్కగా కుదిరిపోతుంటే అనుమానమొస్తుంది. ఒక వరుస రెండోదాని బయటి నుంచి చుట్టి రావాలన్నదే ఆయన ఉద్దేశమని ఇంకో వాదం. నాకు మొదటిదే నచ్చేది. ఈ మధ్య అంత నమ్మకం లేదు.

నన్ను వదలనిది మాత్రం క్యాంపర్‌డౌన్ మీది జెండా. సిగ్నల్ అందితే అవే జెండాలు తామూ ఎత్తాలి. అర్థమైతే పైదాకా, కాకపోతే సగందాకా. మార్కమ్ సగంలోనే ఆపాడు. ఈ దూరంలో ఇది కుదరదని ఆయనకి తెలిసింది. అంతలో విక్టోరియా నుంచి ప్రశ్న: దేనికోసం ఆగావు? పదిమందీ చూస్తుండగా వచ్చిన ప్రశ్న. అడ్మిరల్ మనసులో ఇంకేదో ఉండి ఉంటుందనుకుని మార్కమ్ తాడు లాగించాడు. మిగతా సగం కూడా ఎక్కింది. మూడు నిమిషాల్లో ఓడలు గుద్దుకున్నాయి.

క్యాంపర్‌డౌన్‌కి నీటి కింద ముందుకి పొడుచుకొచ్చే ఇనప ముట్టె, ర్యామ్, విక్టోరియా కుడి పక్కన పన్నెండు అడుగుల లోతున దిగి తొమ్మిది అడుగులు లోపలికి పోయింది. క్యాంపర్‌డౌన్ వెనక్కి లాక్కోగానే వంద చదరపు అడుగుల గండి.

ఇక్కడిదాకా రాసి ప్రూఫు మళ్లీ తిరగేస్తే, నా తప్పు నాకే కనబడింది. వ్యాసంలో మూడొంతులు ఈ కేబుళ్లే. తలుపుల గురించి నాలుగు వాక్యాలు. ఎండ మండే మధ్యాహ్నం, పైగా గురువారం, సిబ్బందికి ఆటవిడుపు పూట. గాలికోసం అన్నీ బార్లా తెరిచి ఉన్నాయి. నీరు చొరనివ్వని వాటర్‌టైట్ తలుపులన్నీ బిగించడానికి నిమిషాలు పడుతుంది. ఆ ఆర్డరు వచ్చింది గుద్దుకోవడానికి ఒక్క నిమిషం ముందు. తర్వాత నౌకాదళం ఇంజినీరు విలియం వైట్ లెక్కలు వేసి, పై తలుపులూ ఫిరంగుల కంతలూ మూసి ఉంటే ఓడ బోర్లాపడేది కాదన్నాడు. అంటే గండి పడ్డాక కూడా! ముక్కు మునిగి, నీళ్లు డెక్కు మీదికి ఎక్కి, ఆ కంతల్లోంచే లోపలికి పోయాయి. ఒడ్డుకెక్కించేద్దామని ట్రయాన్ ఇంజన్లు ఆపనివ్వలేదు, తోటి ఓడల పడవలూ వద్దన్నాడు. పావుగంటలోపే తిరగబడింది. ప్రొపెల్లర్లు తిరుగుతూనే ఉన్నాయి, వాటి కింద పడి పోయినవాళ్లున్నారు. ఇంజన్ గదిలోవాళ్లకి పైకి రమ్మని ఎవరూ చెప్పలేదు.

2004లో డైవర్లు చూసేసరికి ముక్కు బురదలో దిగబడి, తోక పైకి, నిట్టనిలువుగా నిలబడి ఉంది.

సరే, తీగ. కోపం కాస్త తగ్గింది. కేబుల్ అన్న కొలత పుట్టిందే లంగరు మోకు పొడవు నుంచి. తీగ తప్పే కానీ, మోకు అని ఉంటే నోరెత్తేవాణ్ణి కాదు. పైగా కేబుల్ అంటే ఇంచుమించు నూరు ఫాథమ్‌లు, ఫాథమ్ అంటే మన బార. రెండు చేతులూ చాపితే ఎంతో అంత. కాకినాడ జాలరి ఈ రోజుకీ లోతు చెప్పే మాట. ఇన్నాళ్లూ ఇంటి మాట పెట్టుకుని ఇంగ్లీషు గజాలతో తంటాలు పడింది నేనే. ఒక్కో ఓడకి నాలుగొందల బారలు, రెండింటికి ఎనిమిదొందలు. ఉన్నవి ఆరొందలు.

పొద్దున్నే ఫోన్ చేసి "ఆరొందల బారలు" అని వేయమనాలి. విద్యుత్ అన్న మాట మాత్రం వెతికి మరీ తీసేయమనాలి. తలుపుల పేరా ముందుకి జరపాలి.