రిటైరయ్యాక నవంబరు పని: లైఫ్ సర్టిఫికెట్లు చేసిపెట్టడంలో నా అనుభవం

రిటైరైనవాళ్ళు సేవ అంటే పెద్దపెద్దవే ఎత్తుకుంటారు. ట్రస్టు పెడదాం, కమిటీ వేద్దాం అంటారు. ఆరు నెలలకు కమిటీలో తగాదాలు మిగులుతాయి. నా లెక్కలో ఈ వయసుకు కుదిరే పని ఇట్లా ఉండాలి: మొదలూ చివరా ఉండాలి, ఆఫీసులో అలవాటైన ఒబ్బిడి అక్కరకు రావాలి, ఎవరి అనుమతి కోసమూ కాచుకోకూడదు. మా గుంతకల్లులో అట్లాంటి పని పెన్షనర్లకు జీవన్ ప్రమాణ్, అంటే పెన్షన్ ఆగకుండా ఏటా ‘బతికే ఉన్నాం’ అని ఇవ్వాల్సిన డిజిటల్ లైఫ్ సర్టిఫికెట్, చేసిపెట్టడం. రైల్వే డివిజన్ ఊరు కదా, వీధికి నలుగురైనా పెన్షనర్లు ఉంటారు. గ్యాంగ్‌మన్లుగా పట్టాల మీద బతుకంతా గడిపినవాళ్ళకు దీనికి అడిగే వేలిముద్ర పడదు. చర్మం మీద గీతలే అరిగిపోయి ఉంటాయి. మిషన్ మీద వేలు పెట్టి, తీసి, తుడిచి మళ్ళీ పెట్టి, చివరికి తప్పు తమదేనన్నట్టు ముఖం చిన్నబుచ్చుకుంటారు. 2021 నవంబరులో ముఖం చూపించి చేసే పద్ధతి వచ్చింది. అప్పటినుంచి వేలిముద్ర మిషన్ కొనాల్సిన పని లేకుండా ఎవరైనా మామూలు స్మార్ట్‌ఫోన్‌తో చేయొచ్చు.

ఫోన్‌లో రెండు యాప్‌లు ఉండాలి: ఆధార్ ఫేస్ ఆర్‌డీ, జీవన్ ప్రమాణ్. మొదటిది వేసుకున్నా తెర మీద దాని బొమ్మ కనబడదు, వెనకాలే పని చేస్తుంది. అది పడలేదనుకుని మళ్ళీమళ్ళీ వెతకొద్దు. జీవన్ ప్రమాణ్ తెరిచి ముందు మనల్ని ఆపరేటర్‌గా నమోదు చేసుకోవాలి. మన ఆధార్, ఫోన్ నంబరు, ఈమెయిల్ ఇచ్చి, ఓటీపీ కొట్టి, మన ముఖం చూపించాలి. ఒకసారి చేస్తే ఆ ఫోన్‌లో ఎంతమందికైనా చేయొచ్చు. ఫోన్ మారిస్తే మళ్ళీ మొదటికే.

వచ్చేవాళ్ళను ఆధార్ కార్డు, పెన్షన్ పడే బ్యాంకు పాస్‌బుక్, పీపీఓ కాగితం (పెన్షన్ మంజూరు చేస్తూ ఇచ్చిన ఆర్డరు), ఓటీపీ వచ్చే ఫోన్ తెమ్మంటాను. ఫోన్ నంబరు ఆధార్‌కు ముడిపడి ఉండాల్సిన పనిలేదు, చేతిలో ఉంటే చాలు. పీపీఓ నంబరు నోటితో చెబితే రాసుకోను, కాగితం చూడాల్సిందే. యాప్ ఆ అంకెల తప్పొప్పులు అక్కడికక్కడ తేల్చదు. ముఖం సరిపోతే చాలు, ప్రమాణ్ ఐడీ, అంటే ఆ సర్టిఫికెట్ నంబరు, ఇచ్చేస్తుంది, మెసేజ్ కూడా వస్తుంది. అందరూ సంతోషంగా ఇంటికి పోతారు. కొన్ని రోజులకు బ్యాంకు దాన్ని తిరస్కరిస్తుంది. ఐడీ వచ్చిందంటే ఆధార్ సరిపోయిందనే అర్థం. పెన్షన్ ఇచ్చేవాళ్ళు ఒప్పుకున్నట్టు కాదు.

తిరస్కరణలు ఎక్కువగా వచ్చేది మూడు చోట్ల. మొదటిది, యాప్‌లో పెన్షన్ మంజూరు చేసినవాళ్ళు, డబ్బు ఇచ్చేవాళ్ళు అనే రెండు గళ్ళు. రైల్వే పెన్షన్‌కు మంజూరు రైల్వేది, ఇచ్చేది బ్యాంకు. ఈ రెండూ తారుమారైతే సర్టిఫికెట్ ఇంకో ఇంటి తలుపు కొడుతుంది. రెండోది, భర్త పోయాక ఫ్యామిలీ పెన్షన్ తీసుకునే ఆడవాళ్ళ విషయం. పెన్షన్ రకం అడిగేచోట ‘సర్వీస్’ అని పెట్టకుండా ‘ఫ్యామిలీ’ అనే పెట్టాలి. ఆమె ఆధార్, ఆమె పేరు మీదున్న ఖాతా నంబరే ఇవ్వాలి. మళ్ళీ పెళ్ళి చేసుకున్నారా అని యాప్ అడుగుతుంది. డెబ్బై దాటిన అవ్వను ఆ మాట అడగడం ఇబ్బందే, కానీ అడిగే నింపాలి. మూడోది రెండు పెన్షన్లు వచ్చేవాళ్ళది. సొంత పెన్షన్ ఒకటి, భర్తదో భార్యదో ఇంకొకటి ఉంటే ప్రతి పీపీఓకూ విడిగా సర్టిఫికెట్ ఇవ్వాలి. ఒకటి చేసి ఊరుకుంటే రెండోది ఆగుతుంది.

ముఖం పట్టడానికి గోడ తెల్లగా, వెలుతురు ఎదురుగా ఉండాలి. కిటికీకి వీపు పెట్టి కూర్చోబెడితే ముఖం నల్లబడి యాప్ ఒప్పుకోదు. వసారాలో పొద్దున తొమ్మిది, పది మధ్య అన్నిటికన్నా బాగుంటుంది. ‘‘అవ్వా, అద్దాలు తీయమ్మా, కొంగు తల మీంచి దించు, ఇప్పుడు మెల్లగా రెప్ప కొట్టు’’ అంటే ‘‘కొడితే ఫొటో చెడిపోదా నాయనా?’’ అని కళ్ళు ఇంకా పెద్దవి చేస్తారు. ప్రాణమున్న మనిషే అని తెలియడానికే ఆ రెప్పపాటు కావాలి. ముందే ఇంత వివరంగా చెబితే ఒకట్రెండు సార్లలో అయిపోతుంది. కంటి ఆపరేషన్ చేయించుకుని కొద్దిరోజులే అయినవాళ్ళను తొందరపెట్టను, కట్టు విప్పి కన్ను తేటపడ్డాకే రమ్మంటాను.

గడువులు అందరికీ ఒకటి కావు. కేంద్ర ప్రభుత్వ పెన్షనర్లకు నవంబరు. ఎనభై దాటినవాళ్ళు అక్టోబరు 1 నుంచే ఇవ్వొచ్చు, వాళ్ళను ముందే పిలిస్తే నవంబరు రద్దీ తగ్గుతుంది. మిల్లుల్లో, ఫ్యాక్టరీల్లో చేసి ఈపీఎస్ (పీఎఫ్ ఆఫీసు ఇచ్చే) పెన్షన్ తీసుకునేవాళ్ళు ఏ నెలలోనైనా ఇవ్వొచ్చు, ఆ రోజు నుంచి ఏడాది చెల్లుతుంది. గడువు దాటి పెన్షన్ ఆగినా కంగారు అక్కర్లేదు. సర్టిఫికెట్ ఇస్తే ఆగిన నెలలది కలిపి వేస్తారు.

డబ్బు తీసుకోను, టీ తాగుతాను. ఆధార్ నంబర్లు పుస్తకంలో రాసుకోను. పేరు, ప్రమాణ్ ఐడీ, ఫోన్ నంబరు రాసుకుంటే సరిపోతుంది. ఓటీపీ ఫోన్‌లో అడగను, ఎవరడిగినా చెప్పొద్దని కూడా చెబుతాను. లైఫ్ సర్టిఫికెట్ పేరు చెప్పి ఖాతాలు ఖాళీ చేసే దొంగలు నవంబరులోనే ఎక్కువ.

నాకు తృప్తి దొరికేది డిసెంబరు మొదటి వారంలో. పుస్తకం ముందు పెట్టుకుని ఒక్కో ఐడీ పరిస్థితి కనుక్కుంటాను. ఒప్పుకున్నవాటికి టిక్కు పెడతాను. తిరస్కరించినవాళ్ళకు ఫోన్ చేసి, ఏ గడి తప్పిందో చూసి మళ్ళీ చేస్తాను. ముప్ఫయ్యేళ్ళు లెడ్జర్లు టాలీ చేసినవాళ్ళకు ఆ సుఖం ఏందో విడమరిచి చెప్పనక్కర్లేదు. ఉద్యోగంలో ఆ టిక్కు వెనక మనిషి కనబడేవాడు కాదు, ఇక్కడ కనబడతాడు.

మంచం పట్టినవాళ్ళ ఇళ్ళకు నేనే పోతాను. పక్క పల్లెలకు పోవాలంటే మోకాళ్ళు ఒప్పుకోవు. అక్కడివాళ్ళకు పోస్ట్‌మ్యాన్‌ను అడగమని చెబుతాను, ఇండియా పోస్ట్ పేమెంట్స్ బ్యాంకు తరఫున ఇంటికొచ్చి చేస్తారు, మామూలుగా 70 రూపాయలు. ఈసారి వీధిలో డిగ్రీ చదివే ఇద్దరు పిల్లలకు యాప్ నేర్పించాను. వాళ్ళ వేళ్ళు నాకన్నా చురుగ్గా ఆడతాయి. పీపీఓ కాగితం చూడకుండా నంబరు కొట్టే అలవాటు ఒక్కటి మాన్పించాలి.