మంచు మీద గుప్పెడు బూడిద

డెన్వర్‌లో మా పెరట్లో మెంతికూర వేసుకునే మడి మీద మార్చిలో జానెడు మంచు పడింది. బూడిద చల్లితే మంచు త్వరగా కరుగుతుందేమోనని నాకు ఎప్పటి నుంచో ఒక అనుమానం ఉంది, అందుకే మడిని మూడు భాగాలు చేసి, ఒకటి అలాగే వదిలేసి, రెండోదాని మీద పొయ్యిలో బూడిద జల్లెడ పట్టి పల్చగా చల్లి, మూడోదాని మీద రెండంగుళాల మందాన పోశాను. రెండో రోజు సాయంత్రానికి, పల్చగా చల్లిన చోట మట్టి కనబడుతోంది. తెల్లగా వదిలేసింది సగానికి దిగింది. మందంగా పోసిన చోట మాత్రం బూడిద తోసి చూస్తే అడుగున మంచు గట్టిగా అలాగే ఉంది! గొంగళి కప్పినట్టు, పైన పడ్డ వేడి కిందికి దిగనే లేదు.

కొత్త మంచు మీద నూరు పాళ్ల ఎండ పడితే 80 నుంచి 90 పాళ్లు వెనక్కి పోతుంది. మేడ మీద సున్నం కొట్టిస్తే ఇల్లు చల్లబడేది కూడా ఇందుకే. మురికి పట్టిన మంచు 55 పాళ్లే వెనక్కి పంపిందనుకోండి, తెలుపు కొంచెమే తగ్గినట్టు కనిపిస్తుంది, కానీ లోపలికి దిగే ఎండ సుమారు 15 పాళ్ల నుంచి 45 పాళ్లకు పెరిగింది, అంటే మూడింతలు. లదాఖ్‌లోని జాంస్కార్ రైతులకు ఇది తరతరాలుగా తెలుసు. చలికాలానికి ముందే మట్టి దాచుకుని, వసంతంలో పొలం మీది మంచుపై చల్లుతారు, అక్కడ పంటకాలం అంత తక్కువ మరి.

నాకు బెంగగా ఉన్నది మాత్రం ఇక్కడి కొలరాడో రాష్ట్రంలోని శాన్ వాన్ కొండల గురించి. పశువుల మేతతో, బండ్ల రాకపోకలతో చెదిరిన ఎడారి నేలల నుంచి ఎర్రదుమ్ము లేచి వసంతంలో ఆ మంచు మీద పడుతోంది. 2010లో వచ్చిన ఒక అధ్యయనం, ఈ దుమ్ము వల్ల మంచు త్వరగా కరిగి కొలరాడో నదికి వరద సగటున మూడు వారాలు ముందే వస్తోందని, ఏడాది మొత్తం నీళ్లలో 5 శాతం దాకా తగ్గుతున్నాయని లెక్క కట్టింది. ఆ నది మీద ఆధారపడ్డవాళ్లు దాదాపు 4 కోట్ల మంది. ముందే మంచు పోతే నేల, చెట్లు ముందే నీళ్లు తాగడం మొదలుపెడతాయి, నదికి చేరేది ఆ మేరకు తగ్గుతుంది.

మొన్న అక్కడ పారతో గొయ్యి తవ్వి చూస్తే తెల్లటి మంచులో మూడు గోధుమరంగు గీతలు, ఒక్కో దుమ్ముగాలికి ఒక్కోటి. పైమంచు కరిగేకొద్దీ అవి ఒకదాని మీదికి ఒకటి చేరి, మే నెలకల్లా మూడింటి దుమ్మూ ఒకే పొరగా పైకి తేలుతుంది.