డాలస్‌లో ఇంటి కప్పు విప్పించే ముందు

మనలో చాలామందికి కప్పు అంటే స్లాబు. బాగుచేయించడం అంటే కారే చోట వాటర్‌ప్రూఫింగ్ కొట్టించడం. ఫ్రిస్కో, ప్లేనో, ఇర్వింగ్‌లలో కొనుక్కున్న ఇంటి కప్పు అలాంటిది కాదు. అది తాతల నాటి పెంకుటింటికి దగ్గరి చుట్టం. కొప్పు, వాసాలు, దూలాలు, చూరు అన్నీ ఉంటాయి, పెంకుల బదులు షింగిల్స్. ఏటవాలు వాసాలు గోడల్ని బయటికి తోస్తుంటాయి. సీలింగు మీద అడ్డంగా పోయే జాయిస్టులు వాటిని లోపలికి పట్టి ఉంచుతాయి. ఈ కట్టెల్లో ఒకటి తీస్తే బరువు ఇంకోచోటికి మళ్లుతుంది. అందుకే కట్టెల జోలికి వెళ్లే పనికి ముందు పిలవాల్సింది కాంట్రాక్టర్‌ని కాదు, స్ట్రక్చరల్ ఇంజనీర్‌ని.

ఆయన వచ్చేలోపు మీరే ఒకసారి అటక ఎక్కి చూడండి. వేసవిలో అయితే పొద్దున్నే ఎక్కాలి, మధ్యాహ్నం ఆ వేడికి నిలబడలేరు. టార్చి వేసి కొప్పు దగ్గర చూడండి. వాసం చివర కొప్పు పలకకి, అంటే కొప్పు పొడవునా పోయే రిడ్జ్ బోర్డుకి, ఒత్తుకుని ఉండాలి. సందు వచ్చి అందులో మేకులు బయటపడి కనిపిస్తుంటే వాసాలు జారుతున్నట్టే. తర్వాత వాసాల నడుమ కింద అడ్డంగా పోయే పర్లిన్‌ని, దాన్ని మోసే ఊతకట్టెల్ని చూడండి. ఊతకట్టె అడుగు బరువు మోసే గోడ మీదే నిలవాలి, సీలింగు జాయిస్టు మీద కాదు. రెసిడెన్షియల్ కోడ్ (ఇళ్ల నిర్మాణ నియమావళి) ప్రకారం ఊతకట్టెల మధ్య దూరం 4 అడుగులు దాటకూడదు, వాలు 45 డిగ్రీలకు తగ్గకూడదు, మధ్యలో ఆసరా లేని పొడవు 8 అడుగులు మించకూడదు. ఏసీ డక్టుకి అడ్డొచ్చిందని ఊతకట్టెని కోసి వదిలేయడం తరచూ కనిపించే తప్పు. కొన్నేళ్లకి రోడ్డు మీంచి చూస్తే కప్పు నడుమ పల్లం తేలుతుంది. దానిమీద కొత్త షింగిల్స్ వేయిస్తే డబ్బు పోతుంది గానీ పల్లం పోదు.

అటకలో వాసాలు కాకుండా ఫ్యాక్టరీలో చేసి తెచ్చిన ట్రస్సులు (త్రికోణపు కట్టె చట్రాలు) ఉంటే ఒక్క ముక్క కూడా ఎవర్నీ కోయనివ్వకండి. ఇంజనీర్ అనుమతి లేకుండా కోయడం కోడ్‌కి విరుద్ధం.

హాలు సీలింగు తీసేసి ఎత్తుగా చేయించాలన్న కోరిక మనవాళ్లలో బాగా ఉంది. జాయిస్టులు తీసేస్తే గోడల్ని పట్టి ఉంచేది ఏదీ మిగలదు. అప్పుడు కొప్పు పలక చాలదు, కొప్పు కింద నిజమైన దూలం కావాలి. దూలానికి రెండు చివర్లా నిట్రాళ్లు, నిట్రాడి కింద పునాది. ఇక్కడే అసలు చిక్కు. ఈ ప్రాంతంలో చాలా ఇళ్లు పోస్ట్‌టెన్షన్ స్లాబు మీద ఉన్నాయి, కాంక్రీటులో ఉక్కు కేబుళ్లు బిగించి ఉంటాయి. కోయకూడదన్న హెచ్చరిక చాలాసార్లు గరాజ్ నేల మీదే అచ్చు వేసి ఉంటుంది. కేబుళ్లు ఎక్కడున్నాయో స్కాన్ చేయకుండా నేల కోస్తే కేబులు తెగి ప్రాణం మీదకి రావచ్చు. నిట్రాడి అడుగు గురించి మాట్లాడని కొటేషన్‌ని పక్కన పెట్టేయండి.

ఇంజనీర్ ముద్ర వేసిన డ్రాయింగు చేతికొచ్చాకే కొటేషన్లు అడగండి. లేకపోతే ముగ్గురు మూడు వేర్వేరు పనులకి ధర చెప్తారు, పోల్చడానికి ఏమీ ఉండదు. టెక్సాస్‌లో రూఫింగ్ కాంట్రాక్టర్‌కి రాష్ట్ర లైసెన్సు అంటూ లేదు, ట్రక్కు మీద పేరు రాయించుకున్న ప్రతివాడూ రూఫరే. షింగిల్స్ వేసే జట్టు వేరు, కట్టెపని చేసే ఫ్రేమర్ల జట్టు వేరు. మీ ఇంటికి వచ్చే ఫ్రేమర్ ఎవరో ముందే అడగండి. లయబిలిటీ ఇన్సూరెన్స్ (పనిలో జరిగే నష్టానికి బీమా) కాగితం కాంట్రాక్టర్ చేతి నుంచి కాకుండా నేరుగా ఏజెంటు నుంచి తెప్పించుకోండి. టెక్సాస్‌లో ప్రైవేటు యజమానులకు వర్కర్స్ కాంపెన్సేషన్ (పనివాళ్లకి దెబ్బ తగిలితే ఇచ్చే బీమా) తప్పనిసరి కాదు, కాబట్టి అది ఉందా అని విడిగా అడగాలి. పర్మిట్ మీ పేరున తీసుకోమంటే ఆ మనిషిని అక్కడితో వదిలేయండి.

వడగళ్ల వాన పడ్డాక తలుపు కొట్టి "డిడక్టబుల్ మేమే చూసుకుంటాం" అనేవాళ్లు వస్తారు. డిడక్టబుల్ అంటే ఇన్సూరెన్స్ క్లెయిములో మీ జేబులోంచి పెట్టాల్సిన వాటా. 2019 సెప్టెంబరు 1 నుంచి అలా చేయడం ఇక్కడ నేరం. అరిగిపోయిన కట్టెలకీ, ఎవరో చేసిన తప్పుడు పనికీ ఇన్సూరెన్స్ సాధారణంగా డబ్బివ్వదు. ఆ ఆశతో సంతకం పెట్టకండి.

ఒప్పందంలో కట్టె సైజు, గ్రేడు రాయించాలి. వంగిన వాసానికి జోడీ కట్టే కొత్త కట్టె గోడ నుంచి కొప్పు దాకా నిండుగా ఉంటుందా, మధ్యలో ముక్కేనా అన్నదీ రాయించాలి. డెక్కింగ్ (షింగిల్స్ కింద వాసాల మీద పరిచే చెక్క షీట్లు) మార్చాల్సి వస్తే ఒక్కో షీటుకి ఎంత, ధరలో ఎన్ని షీట్లు కలిపారు? రూఫర్ల లెక్కలో స్క్వేర్ అంటే 100 చదరపు అడుగులు, 30 స్క్వేర్ల కప్పంటే 3,000 చదరపు అడుగులు, షీటు 32 చదరపు అడుగులు, వేస్టేజి కాకుండానే దాదాపు 94 షీట్లు. షీటు ధర ముందే రాయించకపోతే కప్పు విప్పాక వాళ్లు చెప్పిందే రేటు. పాత కట్టె తీసే ముందు తాత్కాలిక ఊతగోడలు ఎవరు కడతారు, విప్పిన కప్పు మీద వాన పడితే టార్పాలిన్ ఎవరు వేస్తారు అన్నవీ అందులోనే ఉండాలి. మార్చి నుంచి జూన్ దాకా వడగళ్ల సీజను, మంచి జట్లు దొరకవు. వీలైతే ఆ నెలల్లో పెట్టుకోకండి.

డబ్బు తేదీల లెక్కన ఇవ్వకండి, పని లెక్కన ఇవ్వండి. కట్టె ఇంటికి దిగాక కొంత, సిటీ ఫ్రేమింగ్ ఇన్‌స్పెక్షన్ పాసయ్యాక కొంత. టెక్సాస్ ప్రాపర్టీ కోడ్ 53వ అధ్యాయం ప్రకారం 10 శాతం, పని పూర్తయ్యాక 30 రోజుల దాకా యజమాని తన దగ్గరే ఉంచుకోవాలి. సబ్‌కాంట్రాక్టర్‌కి డబ్బందకపోతే అతను మీ ఇంటి మీద లీన్ (బాకీ కింద ఆస్తి మీద హక్కు) వేయవచ్చు, అందుకే ఈ ఏర్పాటు. ప్రతి చెల్లింపుకీ ఆ హక్కు వదులుకున్నట్టు లీన్ రిలీజ్ కాగితం తీసుకోండి.

ఆఫీసులో సెలవు ఒక్కరోజే దొరికితే కప్పు మూసే రోజుకి కాదు, ఫ్రేమింగ్ ఇన్‌స్పెక్షన్ రోజుకి పెట్టండి. షీట్‌రాక్ (గోడలకీ సీలింగుకీ కొట్టే జిప్సం పలకలు) ఎక్కకముందు ప్రతి జాయింటునీ కొలత టేపు ఆనించి ఫొటో తీసుకోండి. ఇంజనీర్ లెటరు, పని పూర్తయిందని సిటీ మూసిన పర్మిట్, ఈ ఫొటోలు ఒకే ఫోల్డర్‌లో ఉంచండి. ఇల్లు అమ్మేరోజు కొనేవాళ్ల ఇన్‌స్పెక్టర్ అటక ఎక్కి మొదట అడిగేవి అవే.