మూడో రోజు పిలిచే పేర్లు

2014 ఆగస్టులో ఒహాయో స్టేట్ యూనివర్సిటీలో ఎమ్మెస్ చేయడానికి కొలంబస్‌లో దిగేనాటికి అమెరికన్ ఫుట్‌బాల్ గురించి నాకు తెలిసింది ఒక్కటే: పేరుకే ఫుట్‌బాల్, ఆట అంతా చేతులతోనే. అక్కడ చూసిన మొదటి ఆట రోజున బియ్యం కొనడానికి బయల్దేరి, బస్సు దారి మళ్లించడంతో ఎర్ర చొక్కాల మధ్య రెండు గంటలు ఇరుక్కుపోయాను. ఎదురుగా వస్తున్న ఒక పెద్దాయన నన్ను చూసి "ఓ-హెచ్!" అని గట్టిగా అరిచాడు. నేను మర్యాదగా "హాయ్" అన్నాను. ఆయన మొహం చిన్నబోయింది. దానికి జవాబుగా, ఒహాయో స్పెల్లింగు పూర్తయ్యేలా, "ఐ-ఓ!" అని అరవాలట. అరవకపోతే ఇంటికొచ్చిన చుట్టాన్ని మంచినీళ్లు కూడా అడగనట్టేనని తర్వాత తెలిసింది.

మా యూనివర్సిటీ స్టేడియంలో లక్షకు పైగా జనం పడతారు. విచిత్రమేమిటంటే, అంత పిచ్చి ఉన్న ఈ ఊరికి ప్రొఫెషనల్ లీగ్ ఎన్ఎఫ్ఎల్‌లో టీమ్ లేదు. ఈశాన్యాన క్లీవ్‌లాండ్‌కి ఒకటి, నైరుతిన సిన్సినాటికి ఒకటి ఉన్నాయి. మధ్యలో ఉన్న కొలంబస్‌కి ఉన్నది కాలేజీ కుర్రాళ్లే. అందుకే ఏటా ఏప్రిల్‌లో డ్రాఫ్ట్, అంటే ఎన్ఎఫ్ఎల్ టీమ్‌లు కాలేజీ ఆటగాళ్లను ఎంచుకునే తంతు, వచ్చిందంటే ఊరంతా ఆడపిల్లను అత్తారింటికి పంపుతున్నట్టు ఉంటుంది. సంతోషమే, కానీ అందరూ పోయేవాళ్లే.

నాకు స్టేడియానికి కూతవేటు దూరంలో ఉన్న డైనింగ్ హాల్లో పని దొరికింది. అంట్ల గది. గోడలోంచి బెల్టు మీద ట్రేలు వస్తూనే ఉంటాయి. ఎడమ చేత్తో గ్లాసు తీయాలి, కుడి చేత్తో ఫోర్కులు నీళ్ల తొట్టిలో వేయాలి, మిగిలింది చెత్తలోకి దులపాలి, ఈలోగా ఇంకో నాలుగు ట్రేలు వచ్చేస్తాయి. ఆవిరికి కళ్లద్దాలు మసకబారి మొదటి వారం అంతా సగం తడుముకుంటూనే కడిగాను. సలాడ్ మీద పోసుకునే రాంచ్ డ్రెస్సింగ్ వాసన ఇప్పటికీ నాకు పడదు. కొన్ని ట్రేలలో ఒక్కో దాంట్లో ఆరేడు కోడి ఎముకలు, మూడు ఖాళీ పాల గ్లాసులు ఉండేవి. ఎవరో ఆటగాడు తిన్నాడని అనుకునేవాళ్లం.

ఎఫ్-1 వీసా మీద చదివేవాడు క్లాసులు నడిచే రోజుల్లో వారానికి 20 గంటలకు మించి పని చేయకూడదు. అనుమతి లేకుండా క్యాంపస్ దాటి అసలే చేయకూడదు. నేను ఈ సంగతి చెప్పుకుని ఏడుస్తుంటే మా షిఫ్ట్ సూపర్‌వైజర్ నవ్వింది. "వాళ్లకీ అంతే," అంది స్టేడియం వైపు చూపిస్తూ. నిజమే. కాలేజీ ఆటలను నడిపే ఎన్‌సీఏఏ నిబంధన ప్రకారం సీజన్లో ఆటగాళ్ల ప్రాక్టీసు కూడా వారానికి 20 గంటలే. కాకపోతే ఆట ఉన్న రోజును, తెల్లవారుజామున లేచి అర్ధరాత్రి ఇల్లు చేరినా సరే, మూడు గంటలుగానే లెక్కేస్తారు. కాగితం మీద 20 అంటే ఏమిటో వాళ్లకీ తెలుసు, నాకూ తెలుసు.

బయట సంపాదన విషయంలోనూ అప్పట్లో ఇద్దరిదీ ఒకే గతి. లక్షమంది తన నంబరున్న చొక్కా వేసుకుని తిరుగుతున్నా, సంతకం పెట్టి పది డాలర్లు తీసుకుంటే ఆ కుర్రాడి ఆట బంద్. 2010లో ఇదే టీమ్‌లో కొందరు తమ బహుమతులూ జెర్సీలూ ఇచ్చి పచ్చబొట్లు పొడిపించుకున్నందుకు సస్పెండ్ అయ్యారు. ఆ గొడవ ముదిరి మరుసటి ఏడాది కోచ్ జిమ్ ట్రెసెల్ రాజీనామా చేయాల్సి వచ్చింది. 2021 జులై నుంచి ఆ నిబంధన పోయింది. ఇప్పుడు ప్రకటనల్లో నటించి లక్షల డాలర్లు తీసుకునే ఆటగాళ్లు ఉన్నారు. అయితే ఎఫ్-1 మీద వచ్చి ఆడే విదేశీ కుర్రాళ్లకు మాత్రం ఆ సంపాదన ఇప్పటికీ చిక్కే. వీసా నిబంధన ఎన్‌సీఏఏ మారిస్తే మారేది కాదు కదా. ఈ ముక్క చదివినప్పుడు, ముఖం కూడా తెలియని ఆ పిల్లలు నాకు మేనత్త కొడుకుల్లా అనిపించారు.

నేను వచ్చిన ఏడాదే టీమ్ జాతీయ ఛాంపియన్ అయింది. బంతి విసిరి ఆటను నడిపే మొదటి క్వార్టర్‌బ్యాక్ బ్రాక్స్‌టన్ మిల్లర్ ఆగస్టులోనే భుజం దెబ్బతో ఆటకు దూరమయ్యాడు. రెండోవాడు జె.టి. బారెట్ మిషిగన్ మీద ఆటలో చీలమండ విరగ్గొట్టుకున్నాడు. మూడో వరసలో కూర్చున్న కార్డేల్ జోన్స్‌ని దింపితే విస్కాన్సిన్ మీద 59-0, అలబామా మీద 42-35, ఫైనల్లో ఒరెగాన్ మీద 42-20. ఆ రాత్రి హై స్ట్రీట్‌లో జనం సోఫాలు తగలబెట్టారు. మా అపార్ట్‌మెంట్లో ఉన్నది ఒకే ఒక్క సోఫా, అదీ రోడ్డు పక్క పారేస్తే తెచ్చుకున్నది. దాన్ని ఎవరైనా పట్టుకుపోతారేమోనని తలుపుకి అడ్డంగా పెట్టుకుని పడుకున్నాం.

డ్రాఫ్ట్ అంటే ఏమిటో నాకు అర్థమైంది 2016 ఏప్రిల్ చివర్లో. మేలో నా చదువు అయిపోతుంది, చేతిలో ఉద్యోగం లేదు. మేం నలుగురం ల్యాప్‌టాప్ ముందు కూర్చుంటే, ముందునుంచీ ఆట పిచ్చి పట్టిన వరంగల్ వాడొకడు ఎంసెట్ భాషలో వివరించాడు. "మన కౌన్సెలింగ్‌లో మొదటి ర్యాంకు వాడు కాలేజీని కోరుకుంటాడు కదా. ఇక్కడ రివర్స్. చివరి ర్యాంకు టీమ్ అందరికంటే ముందు కుర్రాణ్ణి కోరుకుంటుంది. కుర్రాడికి వెబ్ ఆప్షన్లు లేవు." ఐపీఎల్ వేలంలా పాట పెంచడాలు కూడా లేవు. 32 టీమ్‌లు, ఏడు రౌండ్లు, మూడు రోజులు. 2011 నుంచి ఏ నంబరుకు ఎంత జీతమో దాదాపు ముందే ఖరారు. హైస్కూలు అయ్యాక మూడేళ్లు గడవందే పేరు ఇవ్వడానికి లేదు. పిలిచిన ఊరికి పోవాలి, నాలుగేళ్లు కాంట్రాక్టు.

ఫోన్లో మా నాన్నకు ఇదే చెప్పాను. ఆయన ఖమ్మం జిల్లాలో ముప్పై ఏళ్లు సర్కారు బడి పంతులు. అంతా విని, "మా బదిలీల కౌన్సెలింగే నయం రా, కనీసం మూడు ఊళ్లు రాసుకోనిచ్చేవాళ్లు," అన్నారు.

డ్రాఫ్ట్‌కి ముందు ఫిబ్రవరిలో ఇండియానాపొలిస్‌లో కంబైన్ అని ఒకటి ఉంటుంది. అచ్చం పెళ్లిచూపులే. ఎత్తు, బరువు, 40 గజాల పరుగు, చివరికి అరచేయి వెడల్పు కూడా కొలుస్తారు. జానెడు చాపి అంగుళంలో ఎనిమిదో వంతు దాకా లెక్క రాసుకుంటారు.

ఆ ఏడాది ఒహాయో స్టేట్ నుంచి 12 మంది వెళ్లారు. గురువారం మొదటి రౌండ్‌లోనే ఐదుగురు: జోయి బోసా మూడో పిలుపు, ఎజెకీల్ ఇలియట్ నాలుగోది. శుక్రవారం ముగిసేసరికి పదిమంది. ఊరంతా ఆ పదిమంది గురించే మాట్లాడుకుంది. శనివారానికి మిగిలింది ఇద్దరు. అందులో ఒకడు కార్డేల్ జోన్స్. ఛాంపియన్‌షిప్ గెలిచిన మర్నాడే పేరిచ్చి ఉంటే ఎక్కడో పైన వెళ్లేవాడని అనేవాళ్లు. ఇంకో ఏడాది కాలేజీలోనే ఉన్నాడు. సీజన్ మధ్యలో బెంచ్ మీద కూర్చోబెట్టారు. నాలుగో రౌండ్‌లో 139వ పేరుగా బఫలో టీమ్ పిలిచింది.

బెంచ్ అనే మాట అప్పటికి నాకు ఆటలోదే. రెండు నెలలు తిరక్కుండానే నా ఇంటిపేరయింది. ఒక కన్సల్టెన్సీ వాళ్లు "మూడు వారాల్లో ప్రాజెక్ట్" అని రప్పించి గెస్ట్‌హౌస్‌లో పడేశారు. మూడు గదుల్లో పదకొండు మందిమి. ఒకే రైస్ కుక్కర్, బాత్రూమ్ దగ్గర క్యూ, రోజుకో మాక్ ఇంటర్వ్యూ. బెంచ్ మీద, అంటే ప్రాజెక్ట్ దొరక్కుండా, ఉన్నన్నాళ్లు జీతం లేదు. ఓపీటీలో, అంటే చదువయ్యాక ఎఫ్-1 మీదే పని చేసుకోనిచ్చే గడువులో, ఉద్యోగం లేకుండా 90 రోజులు దాటకూడదు. వంటింటి క్యాలెండర్ మీద ఒక్కొక్కడూ తన రోజులు తన రంగు పెన్నుతో కొట్టుకునేవాడు. నాది ఆకుపచ్చ. 61వ రోజున ఫోనొచ్చింది: ఆర్కన్సా, బెంటన్‌విల్, సోమవారం జాయినింగ్. ఆ ఊరు ఎక్కడుందో మ్యాప్‌లో చూసుకున్నది బస్సు టికెట్ కొన్నాకే.

అప్పటినుంచి నేను డ్రాఫ్ట్‌లో గురువారం చూడను. సూట్లు, వజ్రాల గొలుసులు, వేదిక మీద కమిషనర్ రోజర్ గూడెల్ కౌగిలింతలు, ఆయన కనపడగానే జనం చేసే గోల, అదంతా రిజల్ట్ రోజు కార్పొరేట్ కాలేజీ పేపర్ ప్రకటన లాంటిది. శనివారం పేర్లు గబగబా వెళ్లిపోతాయి. ఏ ఇంట్లోనో మామూలు టీషర్టులో సోఫా మీద కూర్చున్నవాడి ఫోన్ మోగుతుంది. పక్కన తల్లి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటుంది. ఆ పిలుపుతో కూడా పని అయిపోదు. వేసవిలో ఒక్కో టీమ్‌కి 90 మంది చేరతారు, ఆట మొదలయ్యే ముందు 53 మందిని ఉంచుకుని మిగతావాళ్లను పంపించేస్తారు. అసలు పేరే పిలవనివాళ్లు శనివారం రాత్రి ఎవరు ఫోన్ చేస్తే వాళ్ల దగ్గరకు పోతారు. ఒక విధంగా వాళ్లకే కాస్త ఎంచుకునే వీలుంది.

మా కాలంలోనే ఇంకో బెంచ్ కుర్రాడు ఉండేవాడు, జో బర్రో. ఒహాయోలోనే పెరిగినవాడు. కొలంబస్‌లో మూడేళ్లున్నా మొదటి క్వార్టర్‌బ్యాక్ కాలేకపోయాడు. 2018లో లూసియానా స్టేట్‌కి వెళ్లిపోయాడు. అక్కడ ఛాంపియన్ అయి, 2020 డ్రాఫ్ట్‌లో మొట్టమొదటి పేరు తనదే అయింది. పిలిచింది మళ్లీ ఒహాయోలోని సిన్సినాటియే. ఆయన తిన్న పళ్లెం నేనెప్పుడైనా కడిగానేమో, చెప్పలేం.

2019లో ఒక ఇన్సూరెన్స్ కంపెనీలో ఉద్యోగం దొరికి మళ్లీ కొలంబస్ వచ్చేశాను. గుడి, ఇండియన్ స్టోర్లు దగ్గరని పావెల్ వైపు ఇల్లు. గ్రీన్ కార్డు లైను సంగతి ఇక్కడ ఎత్తను, ఎత్తితే వ్యాసం మారిపోతుంది. మా అమ్మాయి పేరు మైత్రి. ఇక్కడ చిరకాల శత్రువు మిషిగన్ యూనివర్సిటీ మీద ఆట ఉన్న వారంలో ఎక్కడ ఇంగ్లీషు 'ఎం' అక్షరం కనిపించినా ఎర్ర టేపుతో కొట్టేస్తారు, క్యాంపస్ బోర్డులతో సహా. డేకేర్‌లో కూడా అదే సరదా. 2024 నవంబరులో మా పిల్ల సంచి మీద పేరు 'ఐత్రి' అయి ఇంటికొచ్చింది. ఇంత చేసినా ఆ ఆట 13-10తో ఓడిపోయారు.

ఓడినా జనవరిలో జాతీయ ఛాంపియన్ మళ్లీ వాళ్లే. 2025 ఏప్రిల్‌లో గ్రీన్ బేలో జరిగిన డ్రాఫ్ట్‌కి 14 మంది వెళ్లారు. 2004లో ఇదే కాలేజీ సాధించిన లెక్కతో సమానం. ఏడు రౌండ్ల పద్ధతిలో ఇంతకు మించినది 2022లో జార్జియా పంపిన 15 ఒక్కటే. శుక్రవారం ఇండియానాపొలిస్ పిలిచిన పేరు జె.టి. టూయీమోలోఆవ్. సమోవా మూలాలున్న పేరు, మొదటిసారి చదివితే నాలుక మడతపడుతుంది. కానీ ఒహాయోలో ఐదేళ్ల పిల్లాడు కూడా తడబడకుండా పలుకుతాడు. మా ఆఫీసులో నా పేరును 2019 నుంచీ 'వెంక్' అంటున్నారు. నోరు తిరగకపోవడం నోటి తప్పు కాదని నాకు ఆరోజు తెలిసింది.

శనివారం మధ్యాహ్నం పక్కింటాయన బేస్‌మెంట్‌కి పిలిచాడు. రిటైరైన పోస్ట్‌మ్యాన్, క్లీవ్‌లాండ్ బ్రౌన్స్ భక్తుడు. నేను మిరపకాయ బజ్జీలు తీసుకెళ్లాను, ఆయన పాల గ్లాసు పక్కన పెట్టుకుని తిన్నాడు. ఇద్దరం ఎదురుచూస్తున్నది జాక్ సాయర్ కోసం. మా ఊరి శివారు పికరింగ్టన్ పిల్లాడు. జనవరిలో టెక్సస్ మీద సెమీఫైనల్లో, గోల్ గీత దగ్గరిదాకా వచ్చేసిన ప్రత్యర్థి క్వార్టర్‌బ్యాక్‌ని పట్టేసి, బంతి జారిపోతే తీసుకుని 83 గజాలు పరిగెత్తాడు. ఆ క్వార్టర్‌బ్యాక్ క్విన్ యూవర్స్ 2021లో ఇక్కడే చదివాడు. అప్పుడు ఇద్దరూ రూమ్మేట్లు.

122వ పేరు లేథన్ రాన్సమ్, కరోలినాకి. అతనూ మనవాడే. వెంటనే 123: జాక్ సాయర్, పిట్స్‌బర్గ్. పక్కింటాయన నెత్తిన చేతులు పెట్టుకున్నాడు. పిట్స్‌బర్గ్ అంటే బ్రౌన్స్‌కి పచ్చగడ్డి వేస్తే భగ్గుమనే శత్రువు. "మా పిల్లాణ్ణి ఆ ఇంటికిచ్చారు," అన్నట్టు చూశాడు టీవీ వైపు. ఛాంపియన్ టీమ్‌ని నడిపిన క్వార్టర్‌బ్యాక్ విల్ హోవర్డ్ పేరు 185 దాకా రాలేదు. అదీ పిట్స్‌బర్గే. ఆయన టీవీ కట్టేసి పైకి వెళ్లిపోయాడు.

సాయంత్రం ఇండియన్ స్టోర్లో బిల్లు లైన్లో నిలబడి ఫోన్ చూశాను. ఏడో రౌండ్, 231: క్విన్ యూవర్స్, మయామి. పాత గెస్ట్‌హౌస్ వాట్సాప్ గ్రూప్ ఇంకా ఉంది. ఒకడు డాలస్, ఒకడు హైదరాబాద్, ఇద్దరు ఇంకా బెంటన్‌విల్‌లోనే. "మొత్తానికి రూమ్మేట్లిద్దరికీ ఈ రోజే జాబ్ వచ్చింది రా," అని పెట్టాను.

గోంగూర కట్టలు బెల్టు మీద పెట్టేలోపే జవాబు వచ్చింది.

"ఎవర్రా వాళ్లు? ఏ కన్సల్టెన్సీ?"