భావప్రకటనకు విదేశీ గ్రాంట్, విలేకరి మాత్రం ముట్టుకోవద్దు: నా ఎఫ్‌సీఆర్‌ఏ అనుభవం

నల్గొండలో మాది చిన్న సొసైటీ. ఊళ్లలో ఆర్టీఐ దరఖాస్తు రాయడం నేర్పిస్తాం, ఫ్లోరైడ్ బాధ ఉన్న మర్రిగూడ వైపు నీళ్ల టెస్టు రిపోర్టులు అడిగి తెప్పించి గ్రామసభలో చదివిస్తాం. ఒక యూరప్ దేశం ఎంబసీ మానవ హక్కులు, భావప్రకటన స్వేచ్ఛ పేరుతో చిన్న సంస్థలకు గ్రాంట్లు ఇస్తోందని తెలిసి అప్లై చేశాం. మండల విలేకర్లకు, చదువుకున్న పిల్లలకు కలిపి శిక్షణ ఇవ్వాలని మా ప్లాన్. ఎంబసీ దగ్గర పెద్ద తిప్పలేం పడలేదు. వాళ్లు ఓకే అన్నాకే అసలు కథ మొదలైంది.

విదేశీ డబ్బు తీసుకోవాలంటే 2010 నాటి ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ) చట్టం కింద కేంద్ర హోంశాఖ అనుమతి ఉండాలి, ఇచ్చేది విదేశీ ప్రభుత్వమైనా అంతే. పూర్తి రిజిస్ట్రేషన్ కావాలంటే సంస్థకు మూడేళ్లు నిండాలి, ఆ మూడేళ్లలో 15 లక్షలు అసలు పనుల మీద ఖర్చు చేసి ఉండాలి. మాకు అంత ఎక్కడిది! అందుకే ముందస్తు అనుమతి దారి పట్టాం. ఎఫ్‌సీ-3బీ ఫారం, ఆన్‌లైన్‌లోనే. ఫలానా దాత, ఫలానా మొత్తం, ఫలానా పని అని రాసివ్వాలి, అనుమతి ఆ ఒక్కదానికే. దాత నుంచి హామీ లేఖ, కమిటీ వాళ్లందరి ఆధార్ కూడా కావాలి. 2020 సవరణ తర్వాత డబ్బు ముందు పడాల్సింది ఢిల్లీ ఎస్‌బీఐ మెయిన్ బ్రాంచ్ ఖాతాలోనే, అయితే దానికోసం ఢిల్లీ రైలెక్కక్కర్లేదు, మన ఊరి ఎస్‌బీఐలో కాగితాలిస్తే సరిపోతుంది.

మా సీఏ సార్ మా ప్లాన్ చదివి తల పట్టుకున్నాడు. ‘మూడో సెక్షన్ చూశారా అన్నా?’ అన్నాడు. రిజిస్టరైన పత్రికకు పనిచేసే విలేకరి, కాలమిస్టు, కార్టూనిస్టు, ఎడిటర్ విదేశీ విరాళం తీసుకోకూడదు. జీతంగానో పనికి కూలిగానో వచ్చేదానికి నాలుగో సెక్షన్‌లో మినహాయింపు ఉంది గానీ శిక్షణకు వచ్చినోళ్లకు ఇచ్చేది అందులోకి వస్తుందా రాదా అని ఎవరు తేలుస్తారు? ‘పోనీ మధ్యాహ్నం భోజనం పెట్టొచ్చా? దేవరకొండ నుంచి వచ్చేటోళ్లకు బస్ చార్జీ?’ అని అడిగితే, ‘ఎందుకన్నా లేనిపోని టెన్షన్’ అన్నాడు. మా సెక్రటరీ ఒక పేపర్‌కు కంట్రిబ్యూటర్, ఆయన్నీ కమిటీ నుంచి తప్పుకోమన్నాడు.

పత్రికల్లోకి బయటి పెత్తనం రాకూడదనే భయం నాకూ అర్థమవుతుంది. కానీ మండల విలేకర్లలో చాలామందికి నెల జీతమే ఉండదు, వాళ్లకు ఒక పూట భోజనం పెడితే దేశం మీద ఏ పెత్తనం వచ్చిపడుతుందో నాకైతే తెలియదు.

చివరికి విలేకర్లను తీసేసి, డిగ్రీ పిల్లలు, మహిళా సంఘాల వాళ్లతో ప్లాన్ మళ్లీ రాశాం. ఎంబసీతో హామీ లేఖ కూడా కొత్తగా రాయించాం, పాత లేఖలో పని వివరం వేరే ఉంది కదా. అనుమతి వచ్చింది, ఆలస్యంగానే అనుకోండి. పాలనా ఖర్చు 20 శాతం దాటకూడదు, ఆ డబ్బును ఇంకో సంస్థకు ఇవ్వకూడదు, ఏటా డిసెంబర్ 31 లోపు ఆ డబ్బు లెక్కలు చూపే ఎఫ్‌సీ-4 రిటర్న్ వేయాలి.

పని అయ్యాక ఎంబసీ పంపిన రిపోర్టు ఫారంలో ‘ఎంతమంది జర్నలిస్టులకు శిక్షణ ఇచ్చారు’ అని ఒక గడి ఉంది. సున్నా వేసి, మూడో సెక్షన్ కాపీ జతచేసి పంపాం.